వర్డ్ లిస్ట్ నుంచి వాక్యం దాకా: జీఆర్ఈ వొకాబ్యులరీతో నా అనుభవం

విదేశాల్లో పీజీ ప్రవేశాలకు అడిగే జీఆర్ఈ పరీక్ష రాస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు నాకు వర్డ్ లిస్టులు పంపుతూనే ఉన్నారు. ఒకరిది మూడు వందల మాటల లిస్ట్, ఒకరిది వెయ్యి, మరొకరిది ఏకంగా మూడున్నర వేలు. ఎవరిది తెరిచినా మొదటి పేజీ మాత్రం ఒకటే: అబేస్, అబేట్, అబెట్, అబేయన్స్, అబ్జూర్, అబ్రొగేట్, అబ్‌స్ట్రూస్. అక్షరక్రమంలో పేర్చడం వల్ల చూడటానికి ఒకేలా ఉన్న మాటలన్నీ ఒకేచోట చేరతాయి. పొద్దున చదివితే సాయంత్రానికి అబేట్ అంటే తగ్గడమా, అబెట్ అంటే తగ్గడమా అన్నది తేలదు. అబేట్ అంటే తగ్గడం. అబెట్ అంటే నేరానికి సహకరించడం. ఈ పరీక్షకు చదివినవాళ్లలో 'ఏ' అక్షరం మాటలు రానివాళ్లు ఉండరు, 'ఎమ్' దాటినవాళ్లు కనిపించరు.

ఈ లిస్టులు ఎక్కడివి అని కాస్త ఆరా తీస్తే తెలిసిందేంటంటే, వీటిలో చాలావాటి పుట్టుక పాత పరీక్ష కోసం. 2011 ఆగస్టుకు ముందు జీఆర్ఈలో వ్యతిరేకపదాలు, అనాలజీలు (ఒక జత మాటల మధ్య ఉన్న సంబంధమే ఉన్న ఇంకో జతను పట్టుకోవడం) నేరుగా అడిగేవాళ్లు. ఒక మాట ఇచ్చి, చుట్టూ వాక్యం ఏమీ లేకుండా, దీనికి వ్యతిరేకం ఏది అని. అప్పుడు లిస్ట్ బట్టీ పట్టినవాళ్లకు న్యాయం జరిగేది. 2011లో ఆ ప్రశ్నలు తీసేశారు. అమెరికాలో డిగ్రీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్ష కూడా 2005లో అనాలజీలకు, 2016లో ఖాళీలు పూరించే వాక్యాలకు సెలవు చెప్పింది. పరీక్ష మారింది, లిస్టులు మాత్రం సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు జీఆర్ఈలో మాటల మీద వచ్చే ప్రశ్నలు రెండు రకాలు. ఒకటి టెక్స్ట్ కంప్లీషన్: ఒక వాక్యమో చిన్న పేరానో ఇస్తారు, అందులో ఒకటి నుంచి మూడు ఖాళీలు ఉంటాయి. మూడు ఖాళీలున్నప్పుడు మూడూ కరెక్ట్ అయితేనే మార్కు, రెండు కరెక్ట్ అయితే సున్నా. రెండోది సెంటెన్స్ ఈక్వివలెన్స్: ఒకే ఖాళీ, ఆరు ఆప్షన్లు, వాటిలో రెండు ఎంచుకోవాలి. ఆ రెండిట్లో ఏది పెట్టినా వాక్యానికి ఒకే అర్థం రావాలి. ఇక్కడా సగం మార్కులు ఉండవు. అంటే మాట సగం తెలిసినా, అసలు తెలియకపోయినా లెక్క ఒకటే.

నా దగ్గరున్న లిస్టులో ఇంగ్లీషు మాట పక్కన తెలుగు మీనింగ్ కాలమ్ ఉండేది. ఫ్రూగల్, థ్రిఫ్టీ, పార్సిమోనియస్, స్టింజీ, ఈ నాలుగింటికీ అందులో దాదాపు ఒకటే రాశారు: పొదుపైన, తక్కువ ఖర్చు చేసే. మొదట్లో రాసిన ఒక మాక్ టెస్టులో వీటిలో మూడు ఒకే ప్రశ్నలో ఎదురయ్యాయి. వాక్యం ఒక మేనేజర్ గురించి. సంస్థ నష్టాల్లో ఉన్నప్పుడు ఆమె ఖర్చులు అదుపులో పెట్టిన తీరును అందరూ మెచ్చుకున్నారని ఉంది. మెచ్చుకున్నారు కాబట్టి ఫ్రూగల్, థ్రిఫ్టీ. పార్సిమోనియస్ అంటే పిసినారితనం, అది మెచ్చుకోలు కాదు, ఎత్తిపొడుపు. తెలుగులో పొదుపరికీ పిసినారికీ తేడా తెలియనివాళ్లు ఎవరూ ఉండరు. అలాంటిది ఆ తెలుగు కాలమే ఆ తేడాను చెరిపేసి పెట్టింది. లిస్ట్ తయారుచేసినవాళ్ల తొందర అది. ఒక మాటకు ఒక్క మాటలో అర్థం ఇవ్వాలన్న తొందర.

అందుకే నేను చేసిన మొదటి పని, ఆ కాలమ్‌ను మూసేసి లెర్నర్స్ డిక్షనరీ తెరవడం. ఇది మామూలు డిక్షనరీకి భిన్నమైనది. మామూలు నిఘంటువులో గ్యారులస్ చూస్తే లొక్వేషస్ అని, లొక్వేషస్ చూస్తే గ్యారులస్ అని చెప్పి (రెండూ వాగుడుకాయలే) చేతులు దులుపుకునే అవకాశం ఉంది. ఇంగ్లీషు పరాయిభాషగా నేర్చుకునేవాళ్ల కోసం డిక్షనరీ వేరుగా ఉండాలన్న ఆలోచనను గట్టిగా ముందుకు తెచ్చినవాళ్లలో ఎ.ఎస్. హార్న్‌బీ ఒకరు. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ ఆయన కూర్చిన నిఘంటువు 1942లో అక్కడే అచ్చయింది. 1978లో వచ్చిన లాంగ్‌మన్ డిక్షనరీ ఇంకో అడుగు ముందుకేసి, అర్థాలన్నీ సుమారు రెండు వేల మామూలు మాటలతోనే చెప్పాలని నియమం పెట్టుకుంది. కాబట్టి అర్థం చదవడానికి మళ్లీ డిక్షనరీ వెతుక్కోవాల్సిన పని ఉండదు. అర్థం పక్కనే ఒకటో రెండో వాక్యాలు, 'ఇది తప్పుబట్టేటప్పుడు వాడే మాట', 'ఇది రాతలోనే కనిపించే మాట' లాంటి చిన్న సూచనలు కూడా ఉంటాయి. నా పని సగం ఆ సూచనలే చేసిపెట్టాయి.

ఇక ఎన్ని మాటలు నేర్చుకోవాలన్నది. దీని మీద భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ఒకటి ఉంది. నవలలో, దినపత్రికలో కనిపించే మాటల్లో 98 శాతం తెలియాలంటే ఎనిమిది నుంచి తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలట. పద కుటుంబం అంటే ఒక మూలమాట, దాని రూపాలన్నీ కలిపి ఒకటి. మొదటిసారి చదివినప్పుడు ఆ అంకె చూసి గుండె జారింది. కానీ వాటిలో చాలా భాగం అప్పటికే వచ్చినవే. నాకు అంతకంటే పనికొచ్చింది అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన అకడమిక్ వర్డ్ లిస్ట్. అందులో ఉన్నవి 570 పద కుటుంబాలే. ఆర్బిట్రరీ, ఆంబిగ్యువస్, కోహెరెంట్, ఇన్‌హెరెంట్, ఇంప్లిసిట్, ఆల్‌బీయిట్, నాట్‌విత్‌స్టాండింగ్ లాంటివి. ఏ శాస్త్రానికి చెందిన వ్యాసం తీసుకున్నా వీటిలో కొన్ని కనిపిస్తాయి. వీటి గురించి గొప్పగా చెప్పుకునేవాళ్లు లేరు, ఎందుకంటే విన్నవాళ్లు నోరెళ్లబెట్టే మాటలు కావివి. కానీ ఆల్‌బీయిట్ (అయినప్పటికీ) అన్న చిన్న మాట దగ్గర వాక్యం మలుపు తిరుగుతుందని తెలియకపోతే, పక్కనున్న పెద్ద మాటలు ఎన్ని తెలిసినా ఉపయోగం లేదు.

మర్చిపోవడం అనే సమస్య అందరికీ తెలిసిందే. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను తనే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కలు కట్టి 1885లో పుస్తకం వేశాడు. మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా మర్చిపోతాం అన్నది ఆయన తేల్చిన విషయం. 1972లో సెబాస్టియన్ లైట్నర్ దీనికి అట్టపెట్టె పద్ధతి చెప్పాడు: ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు రాసిన కార్డులను అరలున్న పెట్టెలో పెట్టుకోవడం. గుర్తున్న కార్డు తర్వాతి అరలోకి వెళ్తుంది, గుర్తులేనిది మళ్లీ మొదటి అరలోకి వస్తుంది, వెనక అరల్లోవి అరుదుగా చూస్తే చాలు. 2006లో మొదలైన ఆంకీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇదే ఆలోచనను మరింత కచ్చితమైన లెక్కలతో కంప్యూటర్లో చేసిపెడుతుంది. జపనీస్‌లో ఆంకీ అంటే కంఠస్థం చేయడమే.

ఆంకీ వాడమని అందరూ చెబుతారు గానీ, కార్డు మీద ఏం రాయాలో చాలామంది చెప్పరు. మొదట రెడీమేడ్ డెక్ (వేరేవాళ్లు చేసిపెట్టిన కార్డుల కట్ట) ఒకటి దించుకున్నాను. ముందు మాట, వెనక అర్థం. కొన్ని వారాలకు జరిగిందేంటంటే, కార్డు కనిపించగానే జవాబు వచ్చేస్తోంది, అదే మాట ఎడిటోరియల్లో కనిపిస్తే మాత్రం ఒక క్షణం ఆగాల్సి వస్తోంది. మాటతో ముఖపరిచయమే తప్ప పలకరించుకునే చనువు లేదన్నమాట. అప్పుడు కార్డుల తీరు మార్చాను. ముందు వైపు నేను చదివిన వాక్యం, ఆ మాట ఉండాల్సిన చోట ఖాళీ. వెనక మాట, దాని ఉచ్చారణ, ఎవరు ఏ మూడ్‌లో వాడతారన్నది ఒక్క ముక్కలో. తెలుగు అర్థం రాయాలనిపిస్తే ఒక్క పదంగా కాకుండా, అదే సందర్భంలో తెలుగులో మనం అనే మాటగా రాసుకున్నాను. క్యాజోల్ అనే మాటకు 'బుజ్జగించి ఒప్పించడం' అని రాస్తే ఎప్పటికీ మర్చిపోం. లిస్టులో మాత్రం 'ప్రేరేపించు' అని ఉంది.

అర్థం చూసి తలూపడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. కార్పికీ, రోడిగర్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకు స్వాహిలి మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలు నలభై జతలు నేర్పారు. ఒకసారి సరిగ్గా చెప్పిన మాటను మళ్లీ మళ్లీ చదివించినా వారం తర్వాత పెద్ద తేడా లేదు. మళ్లీ మళ్లీ అడిగి చెప్పించినవాళ్లకు మాత్రం బాగా గుర్తుంది. ఇది చదివాక పసుపు హైలైటర్‌కు స్వస్తి చెప్పాను.

ఆంకీతో వచ్చే తలనొప్పి బ్యాక్‌లాగ్. రెండు మూడు రోజులు తెరవకపోతే కార్డులు కుప్పగా వచ్చి పడతాయి, ఆ అంకె చూసి నాలుగో రోజు కూడా తెరవబుద్ధి కాదు. అందుకే కొత్త మాటల సంఖ్య బాగా తగ్గించేశాను. రివిజన్ పూర్తయ్యాకే కొత్తవి, టైమ్ లేకపోతే కొత్తవి లేనే లేవు. ఒకే పోలికతో ఉన్న రెండు మాటల్ని ఒకే వారంలో చేర్చకూడదన్నది ఇంకో నియమం. ఇంజీనియస్ అంటే చమత్కారమైన తెలివి, ఇంజెన్యువస్ అంటే కల్లాకపటం లేని అమాయకత్వం. వీటిని 'కన్‌ఫ్యూజింగ్ పెయిర్స్' అని పక్కపక్కన పెట్టి నేర్పే పుస్తకాలు బోలెడు. పక్కపక్కన పెట్టడం వల్లే అవి కన్‌ఫ్యూజ్ అవుతాయి. ఒకటి బాగా కుదురుకున్నాక రెండోదాన్ని పట్టుకుంటే ఏ గొడవా ఉండదు.

నాకు నిజంగా ఆనందం కలిగించిన భాగం మాటల మూలాలు. బడిలో తెలుగు పేపర్లో వ్యుత్పత్త్యర్థాలు రాసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. పున్నామ నరకం నుంచి కాపాడేవాడు పుత్రుడు అని రాసి మార్కులు తెచ్చుకున్నాం కదా, అదే ఆట లాటిన్‌లో ఆడటం. లాటిన్‌లో లొక్వీ అంటే మాట్లాడటం. అది తెలిస్తే ఎలొక్వెంట్ అంటే చక్కగా మాట్లాడేవాళ్లు, లొక్వేషస్ అంటే వాగుడుకాయ, కలొక్వియల్ అంటే మాటల్లో వాడే భాష, సలిలక్వీ అంటే నాటకంలో స్వగతం. వెంట్రిలక్విస్ట్ అంటే అక్షరాలా 'కడుపుతో మాట్లాడేవాడు', బొమ్మ చేత మాట్లాడించే కళాకారుడు.

ఇంకా సరదా, గ్రహాల పేర్లతో వచ్చిన మాటలు. జోవియల్ జోవ్ నుంచి వచ్చింది. జోవ్ అంటే జూపిటర్, మన గురుగ్రహం. గురుబలం ఉన్నవాళ్లు ఉల్లాసంగా ఉంటారన్న నమ్మకం. మెర్క్యురియల్ మెర్క్యురీ నుంచి, అంటే బుధుడు. క్షణానికో రకంగా మారే మనిషి. మార్షల్ కుజుడి నుంచి, యుద్ధానికి సంబంధించినది. శాటర్నైన్ గురించి చెప్పే పనే లేదు, శని. ముభావంగా, దిగులుగా ఉండే ముఖం. ఈ నాలుగింటికీ నేను కార్డులు చేయలేదు, అవసరం పడలేదు. డిజాస్టర్‌లో ఆస్టర్ అంటే నక్షత్రం అని తెలిశాక, చెడు గ్రహస్థితిని తిట్టుకోవడం అన్ని భాషల వాళ్లకూ అలవాటేనని నవ్వొచ్చింది.

వైద్యం నుంచి వచ్చినవి ఇలాగే. వాతం, పిత్తం, కఫం అని మనం అన్నట్టు గ్రీకులు నాలుగు ద్రవాలు అనుకున్నారు: రక్తం, కఫం, పసుపు పైత్యం, నల్ల పైత్యం. రక్తం ఎక్కువైతే సాంగ్విన్, ఆశాభావంతో ఉండే మనిషి. కఫం ఎక్కువైతే ఫ్లెగ్మాటిక్, దేనికీ చలించని మనిషి. పసుపు పైత్యమైతే కోలెరిక్, ముక్కు మీద కోపం. నల్ల పైత్యమైతే మెలాంకలిక్. ప్లెథోరా కూడా ఒకప్పుడు వైద్యుల మాటే, ఒంట్లో రక్తం ఎక్కువవడం. ఇప్పుడు ఏది ఎక్కువైనా ప్లెథోరానే.

మనుషుల పేర్లు, ఊళ్ల పేర్ల నుంచి వచ్చిన మాటలకు కథలే గుర్తుంచుకుంటే సరిపోతుంది. 1880లో ఐర్లాండ్‌లో కౌలుదారులు చార్లెస్ బాయ్‌కాట్ అనే ఎస్టేట్ ఏజెంటును వెలివేసినప్పుడు పుట్టింది బాయ్‌కాట్. ఏథెన్స్‌కు కఠిన చట్టాలు రాసిన డ్రేకో పేరు మీద డ్రేకోనియన్. లకోనిక్ స్పార్టా ప్రాంతమైన లకోనియా నుంచి వచ్చింది. 'నేను మీ దేశంలో అడుగుపెడితే మీ నగరాన్ని నేలమట్టం చేస్తా' అని మాసిడోనియా రాజు ఫిలిప్ కబురు పంపితే, స్పార్టా వాళ్లు 'పెడితే' అని ఒక్క మాట జవాబిచ్చారని కథ. పొడిపొడిగా, క్లుప్తంగా మాట్లాడటమంటే ఏమిటో ఇంతకంటే బాగా ఏ డిక్షనరీ చెప్పలేదు.

అయితే మూలాలు అన్నిసార్లూ దారి చూపవు, కొన్నిసార్లు దారి తప్పిస్తాయి. నాయిసమ్ అనగానే నాయిస్, గోల అనిపిస్తుంది. కానీ దాని మూలం అనాయ్‌తో (విసిగించడం) కలుస్తుంది, అర్థం భరించలేని కంపు. ఎనర్వేట్ వింటే ఎనర్జీ గుర్తొస్తుంది, అర్థం సరిగ్గా తలకిందులు: సత్తువ లాగేయడం. ఇన్‌ఫేమస్ అంటే ఫేమస్ కానివాడు కాదు, అపఖ్యాతి పాలైనవాడు. ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండదు అనుకుంటే ప్రమాదమే, తేలిగ్గా మండేది అని. పెడెస్ట్రియన్‌లో పెడ్ అంటే పాదం, పీడియాట్రిషియన్‌లో గ్రీకు నుంచి వచ్చినది, పిల్లలు. రూట్ వర్డ్స్ నేర్చుకుంటే వేల మాటలు వాటంతట అవే వచ్చేస్తాయని చెప్పే వీడియోలను నేను అందుకే పూర్తిగా నమ్మను. తెలిసిన మాటను గుర్తుంచుకోవడానికి మూలం మంచి సాయం, తెలియని మాటను ఊహించడానికి మాత్రం వాక్యమే దిక్కు.

ఉచ్చారణ గురించి పరీక్షలో ఎవరూ అడగరు. అయినా ప్రతి మాటా ఒకసారి డిక్షనరీలో స్పీకర్ బొమ్మ నొక్కి విని, పైకి అనేదాన్ని. రాసినట్టే పలికే భాష మనది కాబట్టి కంటితో నేర్చుకున్న ఇంగ్లీషు మాటను అలాగే పలకబుద్ధి అవుతుంది. ఎపిటోమ్ కాదు ఎపిటమీ. హైపర్‌బోల్ కాదు హైపర్బలీ. అవ్రీ కాదు అరై. సెగ్ కాదు సెగ్వే. ఇండిక్ట్ కాదు ఇండైట్, అందులో 'సి' అక్షరం, డెట్‌లో 'బి' అక్షరం లాగే, లాటిన్ మూలంతో పోలిక కనిపించాలని పండితులు తర్వాతి కాలంలో చేర్చింది. ఎవరూ పలకని అక్షరాన్ని ఇన్ని వందల ఏళ్లుగా అందరి చేతా రాయిస్తున్నారంటే ఆ పండితుల పంతం మెచ్చుకోవాల్సిందే.

అసలు దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. మాక్ టెస్టులు పెరిగేకొద్దీ నన్ను ఆపుతున్నవి అబ్‌స్ట్రూస్, ఒబ్‌ఫస్కేట్ లాంటి పెద్ద మాటలు కాదని తెలిసింది. చిన్నప్పటి నుంచి తెలుసనుకున్న మాటలు. 'ది కమిటీ గేవ్ ఇట్స్ క్వాలిఫైడ్ సపోర్ట్ టు ది ప్లాన్' అని ఒక వాక్యం. క్వాలిఫైడ్ అంటే అర్హత ఉన్న అని ఎనిమిదో తరగతి వాళ్లను అడిగినా చెబుతారు. ఇక్కడ ఆ అర్థం కాదు. కమిటీ షరతులతో, అరకొరగా మద్దతిచ్చిందని. ఒక మాటను క్వాలిఫై చేయడం అంటే దాని జోరు తగ్గించి హద్దులు పెట్టడం. ఈ ఒక్క అర్థం తెలియకపోతే పేరా మొత్తం తిరగబడుతుంది. రచయిత సందేహిస్తున్నచోట మెచ్చుకుంటున్నట్టు కనిపిస్తుంది.

అప్పట్నుంచి ఇలాంటివి వేటాడటం మొదలుపెట్టాను. టెంపర్ అంటే కోపమే కాదు, క్రియగా వాడితే మెత్తబరచడం. టెంపర్డ్ ఆప్టిమిజం అంటే జాగ్రత్తతో కూడిన ఆశ. చెక్ అంటే అడ్డుకట్ట వేయడం. ఫ్లాగ్ అంటే జెండా, కానీ హిస్ ఎంథూజియాజమ్ ఫ్లాగ్డ్ అంటే ఉత్సాహం నీరుగారిపోయిందని. బిట్రే అంటే నమ్మకద్రోహం, కానీ గొంతు భావాన్ని బిట్రే చేసిందంటే బయటపెట్టేసిందని. వాంటింగ్ అంటే కోరుకోవడం అనుకుంటాం, ఫౌండ్ వాంటింగ్ అంటే సరితూగలేదని తేలడం. అప్రోప్రియేట్ క్రియగా మారితే సొంతం చేసుకోవడం, ఒక్కోసారి కాజేయడం. ఛాంపియన్ క్రియ అయితే ఒకరి పక్షాన నిలబడి వాదించడం. బడిలో నానార్థాలు అని రాసేవాళ్లం కదా, హరి అంటే విష్ణువు, సింహం, కోతి అని. ఇంగ్లీషులో ఆ నానార్థాలు అతి మామూలు మాటల్లోనే దాక్కుని ఉంటాయి. వీటిని ఏ లిస్టూ పట్టించుకోదు, ఎందుకంటే ఇవి అందరికీ తెలిసిన మాటలే కదా!

ఇంకొన్ని మాటలు తమకు తామే వ్యతిరేకపదాలు. శాంక్షన్ చూడండి. లోన్ శాంక్షన్ అయిందంటే సంబరం, ఒక దేశం మీద శాంక్షన్స్ పెట్టారంటే శిక్ష. ఓవర్‌సైట్ అంటే పర్యవేక్షణ, ఓవర్‌సైట్ అంటేనే చూసుకోకుండా వదిలేయడం. క్లీవ్ అంటే చీల్చడం, అంటిపెట్టుకోవడం కూడా. క్లీవ్ సంగతి మాత్రం వేరు, పాత ఇంగ్లీషులో రెండు వేర్వేరు క్రియలు కాలక్రమంలో ఒకే రూపంలోకి వచ్చి చేరాయి. వీటిలో ఏ అర్థమో చెప్పేది మళ్లీ పక్కనున్న మాటలే.

ఖాళీల ప్రశ్నలకు నాకు కుదిరిన పద్ధతి ఒకటుంది. ఆప్షన్లను చేత్తో మూసేసి, ఖాళీలో ముందుగా ఒక తెలుగు మాట పెట్టుకోవడం. ఉదాహరణకు, 'ఫార్ ఫ్రమ్ బీయింగ్ ఖాళీ, ది విట్‌నెస్ ఆన్సర్డ్ ఎవ్రీ క్వశ్చన్ విత్ ఎ సింగిల్ వర్డ్' అని ఉందనుకోండి. సాక్షి ప్రతి ప్రశ్నకూ ఒక్క మాటలో జవాబిచ్చాడు. ఒక్క మాట అనగానే మనసు లకోనిక్, టాసిటర్న్ వైపు పరుగెడుతుంది, ఆప్షన్లలో అవి తప్పకుండా ఉంటాయి. కానీ మొదట్లో 'ఫార్ ఫ్రమ్' ఉంది, అంటే ఖాళీలో ఉన్నది అతను కానిది. నా తెలుగు మాట 'వాగుడుకాయ'. ఇప్పుడు చెయ్యి తీసి చూస్తే గ్యారులస్, లొక్వేషస్ కళ్లకు కనిపిస్తాయి. ముందే ఆప్షన్లు చూస్తే ప్రతి మాటా ఏదో ఒక రకంగా సరిపోతున్నట్టే ఉంటుంది, టెన్షన్‌లో మరీనూ.

పరీక్ష రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. 2023 సెప్టెంబరు నుంచి జీఆర్ఈని రెండు గంటల లోపుకు కుదించారు, ఇంగ్లీషు భాగమైన వెర్బల్‌లో ప్రశ్నలు మొత్తం 27. అసలు తెలియని మాట ఒకటో రెండో వచ్చి ఉంటాయి. నేను కార్డులు చేసుకున్న అరుదైన మాటల్లో కళ్లపడినవీ కొన్నే. టైమ్ తిన్నవన్నీ యెట్, ఈవెన్ ఇఫ్, నో లెస్ దాన్ లాంటి చిన్నచిన్న ముక్కల చుట్టూ అల్లిన పొడుగు వాక్యాలు. వెర్బల్, క్వాంట్ (లెక్కల భాగం) స్కోర్లు అక్కడే స్క్రీన్ మీద కనిపిస్తాయి. అనుకున్నదానికి దగ్గరగానే వచ్చాయి.

తర్వాత అరుదైన మాటల కార్డులు చాలావరకు తీసేశాను. ఉంచుకున్నవి చదువుతున్నప్పుడు మళ్లీ మళ్లీ తగిలేవే. కొన్ని మాటలు చదివితే అర్థమవుతాయి గానీ నా రాతలో ఇప్పటికీ వాడను. యూజ్ సరిపోయేచోట యుటిలైజ్, మెనీ సరిపోయేచోట ప్లెథోరా ఎందుకన్నది నా అభిప్రాయం. మెయిల్‌లో రెండు పెద్ద మాటలు తగిలిస్తే చదివేవాళ్లు ముందు ఆ రెండు మాటల్నే చూస్తారు, విషయం వెనక్కి పోతుంది. వాడదలుచుకున్న మాటలకైతే జోడీలు చూసుకుంటాను. పావర్టీకి యాబ్జెక్ట్, సపోర్టర్‌కు స్టాంచ్, క్రిటిసిజమ్‌కు స్కేథింగ్. అర్థం ప్రకారం వేరే మాట పెట్టినా వ్యాకరణం తప్పదు, కానీ చదివేవాళ్లకు ఎక్కడో రాయి తగిలినట్టుంటుంది.

ఈ మధ్య వరసకు తమ్ముడయ్యే అబ్బాయి ఒకడు ఇదే పరీక్షకు చదువుతున్నాడు. 'అక్కా, నీ వర్డ్ లిస్ట్ ఉంటే పంపవా? పక్కన తెలుగు మీనింగ్ కాలమ్ ఉంటే ఇంకా బెస్ట్' అని మెసేజ్ పెట్టాడు. లిస్ట్ లేదని చెప్పి, నేను దాచుకున్న వాక్యాలు కొన్ని పంపాను, వీటిలో నీకు తెలియని మాటలేమున్నాయో చూడు అని. మొదటిది కమిటీ గారి క్వాలిఫైడ్ సపోర్ట్. కాసేపటికి రిప్లై వచ్చింది: 'అక్కా, ఇందులో కొత్త మాటలేం లేవు, అన్నీ తెలిసినవే.'